టెంట్ కొనకముందే ఒక శనివారం చీకటి పడేదాకా ఉండి రండి

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ: కడపలో ఉంటారు, ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు. డిసెంబరు సెలవుల్లో ఒక రాత్రి టెంట్‌లో పడుకోవాలని పిల్లల పట్టు. గండికోట అనుకుంటున్నారు, ఇంకెక్కడైనా పర్వాలేదు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి చూసొస్తే సరిపోతుందా, వెళ్తే ఏమేం చూడాలి అని.

చూసి రావడం తప్పనిసరి. కానీ ఆదివారం పొద్దున వద్దు. శనివారం మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరండి, రాత్రి ఎనిమిది దాకా అక్కడే ఉండి అప్పుడు ఇంటికి రండి. మీరు పడుకోబోయేది రాత్రి. ఆ చోటును పగలు ఎంతసేపు చూసినా, చూడాల్సింది చూడనట్టే.

మాది ప్రొద్దుటూరు. పన్నెండేళ్లకు పైగా పిల్లలతో, అక్కచెల్లెళ్ల కుటుంబాలతో ఇలా తిరుగుతున్నాం. ఇది మాకు తెలిసొచ్చింది మొదటిసారే. మా వాడికి అప్పుడు ఆరేళ్లు. ఒక కార్తీక మాసం ఆదివారం బంధువులతో కలిసి ఒక కొండ మీదికి వెళ్లాం. విశాలమైన బండ, ఎదురుగా లోయ, పక్కనే కొళాయి, నాలుగడుగుల్లో బాత్రూములు. ఇంతకంటే ఏం కావాలని జనవరిలో కొత్త టెంట్ తీసుకుని సాయంత్రానికి అక్కడికే చేరాం. ఆరు గంటలకు బాత్రూములకు తాళం పడింది. కొళాయిలో నీళ్లు లేవు, ట్యాంకు నింపేది పొద్దున్నేనట. బండలోకి టెంట్ తాళ్లు కట్టే పెగ్గు (మేకు) ఒక్కటీ దిగలేదు. చీకటి పడ్డాక లోయ వైపు నుంచి గాలి మొదలై టెంట్‌ను గొడుగులా తిప్పేసింది. దగ్గర్లో రెండు కార్లలో కుర్రాళ్లు వచ్చి డిక్కీలు తెరిచి పాటలు పెట్టి తాగడం మొదలుపెట్టారు. పదిన్నరకు అన్నీ సర్దుకుని ఊళ్లోకి దిగి లాడ్జిలో పడుకున్నాం. మా వాడు టెంట్ సంచిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కారులోనే నిద్రపోయాడు. ఆ రాత్రి మాకు ఎదురైనవన్నీ ఒక్క సాయంత్రం ముందుగా వచ్చి కూర్చుంటే కనపడేవే.

అందుకే శనివారం అంటున్నాను. మీరు ఉండబోయేది ఏ వారమైతే చూసేదీ అదే వారం కావాలి. మంగళవారం సాయంత్రం గుడిలా ప్రశాంతంగా ఉన్న చోటు, శనివారం రాత్రి వేరే చోటు అయిపోతుంది. డిసెంబరు ఆఖరి రోజు మాత్రం చిన్నపిల్లలతో ఎక్కడికీ వద్దు. ఆ రాత్రి ఏ చోటు ఎలా ఉంటుందో ముందుగా చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇక గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కడప నుంచి రమారమి రెండు గంటలు పెట్టుకోండి. మూడింటికల్లా చేరితే ఎండ ఉండగానే కోటంతా ఒక చుట్టు చుట్టవచ్చు. కోట లోపల ఊరుంది, జనం కాపురాలుంటున్నారు. మాధవరాయ స్వామి గుడి గోపురం, మసీదు, దాని పక్కన ధాన్యాగారం, ఇవన్నీ పిల్లలకు చూపించే పని ఈ ట్రిప్పులోనే కానిచ్చేయండి. టెంట్ వేసే రోజు వాటికి టైం దొరకదు. దొరికినా ఆ రోజు పిల్లలకు టెంట్ తప్ప వేరే ధ్యాస ఉండదు.

అసలు చూడాల్సింది లోయ అంచు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన ఆ లోయ అందం గురించి చెప్పక్కర్లేదు, ఫోటోలు చూసే ఉంటారు. ఫోటోల్లో కనపడనిది ఏమిటంటే, అంచు పొడుగునా కంచె ఉండదు. పెద్ద పెద్ద ఎర్ర బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, వాటి మధ్య సందులుంటాయి, ఆ తర్వాత నిలువుగా నీళ్లే. పెద్దవాళ్లు సైతం జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్న చోటది. అంచుకు దగ్గరగా టెంట్ వేస్తే పొద్దున్నే జిప్పు తీయగానే సూర్యోదయం కనపడుతుందని చెప్పేవాళ్లుంటారు. పిల్లలున్నవాళ్లు ఆ మాట వినొద్దు. నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: టెంట్‌కూ లోయకూ మధ్య ఒక గోడో, రోడ్డో, ఇళ్ల వరసో అడ్డంగా ఉండాలి. మీటర్లలో కొలిచిన దూరాన్ని నేను నమ్మను. అర్ధరాత్రి బాత్రూంకని లేచి నిద్రమత్తులో అటు తిరిగిన పిల్లకు యాభై మీటర్లు ఒక లెక్క కాదు. గోడ ఉంటే ఆగుతుంది. సూర్యోదయానికి ఆరింటికి లేపి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోండి. డిసెంబరులో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే, తొందరేం లేదు.

పాత కట్టడాల లోపల, వాటి అరుగుల మీద, ప్రాకారాల పక్కన టెంట్ వేయకూడదు. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. టెంట్లు అద్దెకిచ్చే వాళ్లు దొరుకుతారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు రేటుకంటే ముందు "టెంట్ ఎక్కడ వేస్తారు, ఆ చోటు చూపించండి" అనండి. చూపించిన చోటుకు పైన చెప్పిన గోడ లెక్క వేయండి. రాత్రి అక్కడ వాళ్ల మనిషి ఎవరైనా ఉంటారా, బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ రెండూ అడిగి సమాధానం రాసుకోండి. టూరిజం వాళ్ల హరిత హోటల్ కూడా అక్కడే ఉంది. వానొచ్చినా, పాపకు జ్వరమొచ్చినా గది దొరుకుతుందేమో కనుక్కుని పెట్టుకుంటే మనసుకు ధైర్యం.

ఐదూ ముప్పావుకు పొద్దు గుంకుతుంది. చూడటానికి వచ్చిన జనమంతా అప్పుడే బయల్దేరతారు. మీరు మాత్రం కదలొద్దు. మీరు అనుకున్న చోట చాప పరిచి కూర్చోండి. ఫ్లాస్కులో టీ, పిల్లలకు చెనిక్కాయలు, చిత్రాన్నం ఏదైనా తెచ్చుకోండి. ఆ రెండు గంటలే మీ అసలు పని.

మొదట గాలి. పగలు ఆడిన గాలికీ, పొద్దు గుంకాక వచ్చే గాలికీ సంబంధం ఉండదు. నేను చున్నీని ఒక కంపకు కట్టి వదిలేస్తాను. అరగంటకోసారి అది ఎటు ఎగురుతోంది, ఎంత ఎగురుతోంది చూస్తాను. టెంట్ ద్వారం గాలికి వీపు పెట్టి ఉండాలి కదా, అది ఆ చున్నీ చెప్తుంది. చున్నీ బల్లపరుపుగా చాచుకుని ఎగురుతుంటే ఆ చోటు వద్దు, కొంచెం దిగువన ఏదైనా గోడ చాటు చూసుకోండి.

తర్వాత నేల. చాప మీద కూర్చోవడం కాదు, పడుకోండి. మీరు, మీ ఆయన, పిల్లలు అందరూ పక్కపక్కన వెల్లకిలా పది నిమిషాలు పడుకోండి. నిలబడి చూస్తే చదునుగా కనపడే నేల, పడుకుంటే వాలు తెలుస్తుంది. తల దిగువకు పోతున్నట్టు అనిపిస్తే రాత్రంతా నిద్ర రాదు. నడుం కింద రాయి మొన ఉంటే పది నిమిషాల్లోనే అది బయటపడుతుంది. బండ అయితే చేత్తో తాకి చూడండి. డిసెంబరులో ఇబ్బంది లేదు కానీ ఫిబ్రవరి దాటితే మన బండలు రాత్రి తొమ్మిది పదింటిదాకా పెనంలా కాలుతూనే ఉంటాయి. ఒక పెగ్గు, ఒక సుత్తి తీసుకెళ్లి కొట్టి చూడండి. దిగకపోతే తాళ్లు కట్టడానికి మోయగలిగినంత బరువున్న రాళ్లు దగ్గర్లో ఉన్నాయా చూసుకోండి. ఆ రాళ్లు ఎత్తేటప్పుడు చేతులు కిందికి పెట్టొద్దు, ముందు కర్రతో తిరగేయండి. మన వైపు నాపరాయి పలక ఏది ఎత్తినా కింద తేలు ఉండే అవకాశం ఉంది.

చీకటి పడ్డాక బాత్రూం దాకా నడిచి చూడండి. ఫోన్ లైటుతో కాదు, ఆ రోజు వాడబోయే టార్చితోనే. దారిలో మెట్టు ఉందా, తీగ ఉందా, కుక్కలు ఉన్నాయా. నీళ్ల విషయంలో నేను ఎవరి మాటా నమ్మను, ఇరవై లీటర్ల క్యాను కారులో పెట్టుకునే వెళ్తాను.

ఫోన్ సిగ్నల్ కూర్చున్న చోటే చూడాలి, రోడ్డు మీద కాదు. ఇంట్లో రెండు రకాల సిమ్ములుంటే రెండూ చూడండి. ఇది వీడియోల కోసం కాదు, 108కి ఫోన్ చేయడానికి. ఇక్కడ పాము సంగతి ఒకటి చెప్పాలి, భయపెట్టడానికి కాదు. మన వైపు నాగుపాము, కట్లపాము, రక్తపింజర అన్నీ ఉన్నాయి. వాటిలో కట్లపాము రాత్రిపూట తిరిగేది. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, ఒక్కోసారి కరిచినట్టు కూడా తెలియదు, నొప్పి ఉండదు. కింద గుడ్డ కుట్టేసి ఉన్న టెంట్, ఎప్పుడూ మూసి ఉండే జిప్పు, ఈ రెండూ ఉంటే దాదాపు ఆ భయం పోయినట్టే. అందుకే అద్దె టెంట్ అయితే జిప్పు చివరిదాకా పడుతోందా అన్నది ముందు చూడండి. రంగు, సైజు తర్వాత. ఒకవేళ ఏదైనా జరిగితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి. అందుకని ఇంటికి తిరిగొచ్చేటప్పుడు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసుకోండి. పాము కాటు మందు అక్కడ ఉంటుందా అని లోపలికి వెళ్లి అడగండి. మొహమాటం వద్దు, వాళ్లు చెప్తారు.

గండికోట కాకుండా వేరే చోట్ల గురించి అడిగారు. ఏటి ఒడ్డు అనుకుంటే ఒక సంగతి చెప్పాలి. సిద్ధవటం అవతల పెన్న వైపు ఒకసారి చోటు చూడటానికి వెళ్లాం. ఒక చిన్న వంక వచ్చి ఏట్లో కలిసే దగ్గర తెల్లటి ఇసుక, పరుపు పరిచినట్టుంది. నీళ్ల చుక్క లేదు. మా ఆయన ఇక్కడే అన్నాడు. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఈడ పండుకునేది వద్దమ్మా, ఆ కంప సూడు" అని కర్రతో చూపించాడు. కంప చెట్టు కొమ్మల్లో ఎండు కసువు, ఒక ప్లాస్టిక్ కవరు, చిరిగిన గుడ్డ పీలికలు చిక్కుకుని ఉన్నాయి. నా ఛాతీ ఎత్తున. "నీళ్లు ఆడికి వచ్చి పోయినాయి" అన్నాడు. అన్నిసార్లు ఆ కంప పక్కనుంచి నడిచాం, నాకు అది చెత్తలాగే కనపడింది. "మరి మీరెక్కడ పడుకుంటారు?" అని అడిగితే దూరంగా ఎర్రటి మిట్ట చూపించాడు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నేను ఇదే ప్రశ్న అడుగుతాను. "ఇక్కడ పడుకోవచ్చా?" అంటే మన ముఖం చూసి "ఆ, పండుకోవచ్చు" అంటారు. "మీరైతే ఎక్కడ పడుకుంటారు?" అంటే నిజం చెప్తారు.

ఆ మాట ఎంత విలువైందో 2021లో అర్థమైంది. నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. వాన కురిసింది పైన, వరద వచ్చింది కింద. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రెండు రోజుల్లో మన వంకలన్నీ పారతాయి. ఏటి ఇసుకలో, వంక పక్కన, చెరువు అలుగు కింద టెంట్ వేయకండి. ఎంత ఎండిపోయి ఉన్నా సరే. బయల్దేరే ముందురోజు వాతావరణ శాఖ సూచన చూడండి, అల్పపీడనం అన్న మాట కనపడితే ప్రోగ్రాం వాయిదా వేయండి. వాన పడ్డాక ఇంకో ఇబ్బంది నల్లరేగడి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఆ నేలలో కారు రోడ్డు దిగిందంటే ట్రాక్టరు వస్తే తప్ప బయటికి రాదు.

లంకమల అడవి గురించి చాలామంది అడుగుతుంటారు. అక్కడ రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోవద్దు. అది అభయారణ్యం. 1848లో జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త కనిపెట్టిన కలివికోడి అనే పిట్ట, ఇక లేదనుకున్నాక 1986లో మళ్లీ కనపడింది మన జిల్లాలోని ఈ అడవుల్లోనే. ఆ పిట్ట తిరిగేది రాత్రిపూట, చిట్టడివి నేల మీద. మన టార్చిలు, మన పాటలు దాని మీదే పడతాయి. పగలు నిత్యపూజకోన వైపు వెళ్లాలన్నా అటవీ శాఖ వాళ్లను అడిగి వెళ్లండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు పెట్టడం నేరం, నేరం కాకపోయినా ఎండు బోదలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మనకు తెలుసు. మంట కాచుకోవాలని పిల్లలు అడుగుతారు. ఇంటి దగ్గర మేడ మీద పెట్టండి, అడవిలో వద్దు.

కర్నూలు వాళ్లకు ఓర్వకల్లు రాతివనం దగ్గర. రాళ్లు, నీళ్లు, నడక దారి ఉంటాయి కాబట్టి పిల్లలతో సాయంత్రం గడిపి గాలి, నేల, నీళ్లు చూసే అలవాటు చేసుకోవడానికి మంచి చోటు. అనంతపురం వైపు రాయదుర్గం, కళ్యాణదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. సీతాఫలాలు పండే కాలంలో అవి ఊళ్ల అంచుల దాకా వస్తాయి, ఆ నెలల్లో గుట్టల మొదట్లో టెంట్ వద్దు. బెలుం గుహలు పగటి ప్రయాణానికే. లోపల ఉక్క ఎక్కువ, పిల్లలకు నీళ్లు తీసుకెళ్లండి.

నిజంగా నన్ను అడిగితే మీ పిల్లల మొదటి రాత్రికి గండికోట కూడా వద్దంటాను. మీకు తెలిసినవాళ్ల చీనీ తోటో మామిడి తోటో ఉంటే అక్కడ వేయండి. మోటారు షెడ్డు ఉంటుంది, బోరు నీళ్లు ఉంటాయి, కాపలా మనిషి ఉంటాడు, పిలిస్తే పలికే దూరంలో ఊరు ఉంటుంది. మా ఇంట్లో అందరి పిల్లలూ మొదట తోటలోనే పడుకున్నారు. తోటకు కూడా ముందు ఒక సాయంత్రం వెళ్లాల్సిందే. అక్కడ చూడాల్సింది ఒకటే ఉంది, కానీ అది చాలా ముఖ్యం. అడవిపందుల కోసం పొలం చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లున్నారు. చట్టరీత్యా తప్పు, మనుషులు పోయారు కూడా. తోట యజమానిని, పక్క పొలం వాళ్లను సూటిగా అడగండి: "రాత్రి ఇటు ఏమైనా తీగ లాగుతారా?" అని. ఒకరు తడబడినా ఆ తోట వదిలేయండి. అంతా బాగుందన్నా చీకటి పడ్డాక పిల్లల్ని గట్టు దాటనివ్వకండి.

చలి గురించి టెన్షన్ పడొద్దు. డిసెంబరులో రాత్రి ఇరవై డిగ్రీల కిందికి దిగుతుంది, ఎత్తు మీద గాలితో ఇంకొంచెం అనిపిస్తుంది. ఖరీదైన స్లీపింగ్ బ్యాగులు కొనక్కర్లేదు. కింద రెండు బొంతలు, పైన ఒక రగ్గు చాలు. చలి పైనుంచి కంటే కింద నేల నుంచి ఎక్కువ వస్తుంది, అందుకే కింద రెండు.

నా దగ్గర ఒక పాత స్కూలు నోట్‌బుక్కు ఉంది. ఒక్కో చోటుకు రెండు పేజీలు. అందులో ఒకటి ఇలా ఉంటుంది: "గాలి ఆరున్నరకు మొదలు, పడమర నుంచి. ఎనిమిదికి తగ్గింది. బాత్రూం తాళం టీ కొట్టు ఆమె దగ్గర, తొమ్మిది దాకా ఉంటుంది. సిగ్నల్ వేపచెట్టు కింద మాత్రమే. కుక్కలు మూడు, అరవవు. పిల్లలు మళ్లీ వద్దామన్నారు." ఇందులో ఆఖరి మాట చిన్నది కాదు. చీకట్లో రెండు గంటలు కూర్చున్నాక పిల్లలు భయపడి ఒళ్లో దూరితే ఆ చోటు బాగున్నా ఈ ఏడాదికి వద్దు, వచ్చే ఏడాది చూద్దాం. "ఇప్పుడే పడుకుందాం" అని చాప వదలకపోతే టెంట్ కొనొచ్చు.

అందుకే టెంట్ ఇప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. నవంబరు నెలాఖర్లో వాన లేని ఒక శనివారం చూసుకోండి. చాప, టార్చి, చున్నీ, ఒక పెగ్గు, సుత్తి, నోట్‌బుక్కు, రాత్రి అన్నం, ఇంతే సామాను. బాబుకు టార్చి ఇచ్చి, చాప దగ్గర్నుంచి బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టమనండి, పాపను పక్కన నడవమనండి. మా వాడు ఆరేళ్లప్పుడు ఏడ్చి నిద్రపోయినవాడే, మరుసటి ఏడాది తోటలో షెడ్డు దాకా నూట పద్నాలుగు అడుగులని లెక్కపెట్టాడు. ఆ రాత్రి రెండింటికి మమ్మల్ని లేపకుండా టార్చి తీసుకుని లెక్కపెట్టుకుంటూ వెళ్లొచ్చి, చెప్పులు బయట దులిపి, జిప్పు చివరిదాకా వేసి పడుకున్నాడు. నేను మెలకువగానే ఉన్నాను, కళ్లు మూసుకుని వాడి లెక్క వింటున్నాను.